ఫైలు నాలుగు చోట్ల తిరుగుతుంది, దాని సెట్టింగులూ దానితోనే తిరగాలి

ఉచితంగా దొరికే ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ ఆగస్టు విడుదల దగ్గర పడుతోంది. ఏటా రెండు పెద్ద విడుదలలు వస్తాయి, ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. 2024 నుంచి సంవత్సరం, నెల కలిపి వెర్షన్ నంబరుగా పెడుతున్నారు కాబట్టి ఏది ఎప్పటిదో ఇట్టే తెలిసిపోతుంది. 24.2 అంటే 2024 ఫిబ్రవరి, 25.8 అంటే 2025 ఆగస్టు. విడుదలకు ముందు జరిగే చర్చ మాత్రం ఎప్పుడూ ఒకే దారిలో పోతుంది. టూల్‌బార్లు మారతాయా, ఏఐ పెడతారా, ఇంకాస్త త్వరగా తెరుచుకుంటుందా అని. అవన్నీ వస్తే మంచిదే. నేను కోరేది మాత్రం ఒక్కటే. కావలిలో నేను టైపు చేసిన ఫైలు నెల్లూరులోనో కందుకూరులోనో ఎవరి కంప్యూటర్లో తెరిచినా, నేను పెట్టింది పెట్టినట్టు ఉండాలి. అక్షరం, అంకె, పేజీ, మూడూ.

వినడానికి చిన్న కోరికే. కానీ ఆఫీసు సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్ళ ఊహలో ఒక మనిషికి ఒక కంప్యూటర్ ఉంటుంది. ఆ మనిషి మొదటిరోజు సెట్టింగులు సరిచేసుకుంటే చాలు, ఇక ఆ బాధ తీరిపోయినట్టే. మా దగ్గర ఫైలు అలా ఒకచోట కూర్చోదు. క్రయ దస్తావేజు ముసాయిదా లేఖరి దగ్గర మొదలవుతుంది. కొనేవాళ్ళ అబ్బాయి వాట్సాప్‌లో తెప్పించుకుని బెంగళూరులో తన ల్యాప్‌టాప్‌లో పేర్లు సరిచేస్తాడు. లోను ఉంటే బ్యాంకు తరఫు లాయరు ఒక చెయ్యి వేస్తాడు. అమ్మేవాళ్ళు ఫోన్లోనే తెరిచి హద్దులు చదువుకుంటారు. చివరికి ప్రింటుకు నా దగ్గరికి వస్తుంది. ఇన్ని చోట్ల ఇన్ని రకాల వర్డ్‌లు, లిబ్రెఆఫీస్ రైటర్లు, ఫోన్ యాప్‌లు. కాగితం మీదికి వచ్చేసరికి ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి చెదిరి ఉంటుంది.

మాది టైపింగ్, జిరాక్స్, ప్రింటింగ్ చేసే షాపు. దస్తావేజులు, స్కూలు ప్రశ్నపత్రాలు, శుభలేఖల మేటరు వస్తుంటాయి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది కాబట్టి దానికి ముందు అర్జీల రద్దీ. అల్లూరు వైపు నుంచి రొయ్యల గుంటలవాళ్ళు మేత లెక్కలు, కౌంటు లెక్కలు పట్టుకొస్తారు. అంతా తెలుగూ అంకెలూ కలిసిన పని.

ఇప్పటికే రెండు పెద్ద మెట్లు ఎక్కాం, అది చెప్పకపోతే అన్యాయం. మొదటిది యూనికోడ్, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే నంబరు ఉండే పద్ధతి. పాత డీటీపీ ఫైళ్ళు తెరిచినవాళ్ళకు తెలుసు, అను ఫాంట్లు లేని కంప్యూటర్లో ఆ తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ అయి కూర్చుంటుంది. అంటే అందులో ఉన్నది ‘క’ అన్న సంగతి ఫైలుకు తెలియదు, ఫాంటుకే తెలుసు. యూనికోడ్ 1991లో మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటిచ్చింది. అది మన వాడకంలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది గానీ, వచ్చాక అక్షరం ఏమిటన్నది ఫైలుతోనే ప్రయాణించడం మొదలైంది. రెండోది 2017 ఫిబ్రవరిలో వచ్చిన లిబ్రెఆఫీస్ 5.3. అప్పటిదాకా అక్షరాలను పేర్చే పని విండోస్‌లో ఒకటి, మ్యాక్‌లో ఒకటి, లినక్స్‌లో ఇంకొకటి చేసేవి. 5.3తో అన్నిచోట్లా హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజను పెట్టారు. ‘లక్ష్మి’లో వొత్తులు, ‘స్త్రీ’లో గుడిదీర్ఘం ఎక్కడ కూర్చోవాలో తేల్చేది అదే. మామూలు మనిషి దాని పేరు కూడా విని ఉండడు. తెలుగు టైపు చేసేవాళ్ళకు మాత్రం కొత్త మెనూ కంటే, కొత్త రంగు కంటే వంద రెట్లు పనికొచ్చిన మార్పది. అప్‌డేట్ అంటే అలా ఉండాలి.

మూడో మెట్టు మిగిలిపోయింది. అక్షరం సరిగ్గానే పేరుస్తారు, కానీ ఏ ఫాంటుతో, ఏ సైజులో? ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే సాఫ్ట్‌వేర్ ఉన్నవాటిలో ఒకటి ఎంచుకుంటుంది. మండలి ఫాంటుతో టైపు చేసింది అక్కడ నిర్మలతోనో గౌతమితోనో కనిపిస్తుంది. తెలుగు ఫాంట్ల మధ్య వెడల్పులోనూ ఎత్తులోనూ తేడా ఎక్కువ. స్టాంపు పేపరు మీద మొదటి పేజీ ప్రింటు తీసేవాళ్ళను అడగండి, ఆ తేడా ఏంచేస్తుందో చెబుతారు. పైన ముద్ర ఉన్నంత మేర వదిలి కింద మొదలుపెట్టాలి. మిగిలిన జాగాలో అమ్మేవాళ్ళ పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, కొనేవాళ్ళవి కూడా అవే, ఆ తర్వాత విషయం. లేఖరి కంప్యూటర్లో సరిగ్గా అడుగు గీత దగ్గర ఆగిన వాక్యం ఇక్కడ రెండు లైన్లు జారి రెండో పేజీలో పడుతుంది. అక్కణ్ణుంచి ప్రతి పేజీ జారుతుంది. ఆఖరి పేజీలో సాక్షుల సంతకాల చోటు ఒంటరిగా ఇంకో కాగితం మీదికి పోతుంది. దస్తావేజు విషయంలో అది అందానికి సంబంధించిన సమస్య కాదు. సంతకాలు మాత్రమే ఉన్న కాగితాన్ని ఏ లాయరూ ఇష్టపడడు.

లైన్ల మధ్య దూరాన్ని ‘ఎగ్జాక్ట్’ అని బిగించి పేజీ సరిపెట్టాలని చూస్తారు కొందరు. అప్పుడు ‘కృష్ణ’ కింద వొత్తు తెగిపోతుంది.

దీనికి మందు లిబ్రెఆఫీస్‌లో 2013 నుంచే ఉంది. ఫైలు ప్రాపర్టీస్‌లో ఫాంట్ అనే ట్యాబు, అందులో ఫాంట్లను డాక్యుమెంట్‌లోనే పొదిగే టిక్కు. వర్డ్‌లోనూ ఇలాంటిదే ఉంది. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి కాబట్టి పొదగడానికి అడ్డం లేదు. అయితే ఆ టిక్కు మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఎవరికీ కనిపించనంత లోపల ఉంటుంది, పెట్టాలంటే ఒక్కో ఫైలుకూ గుర్తుపెట్టుకుని పెట్టాలి. ఆగస్టు విడుదల నుంచి నేను ఆశించే మొదటి సంగతి ఇదే. డాక్యుమెంట్‌లో తెలుగు ఉండి, ఆ ఫాంటు విండోస్‌తో పాటు వచ్చేది కాకపోతే, సేవ్ చేసేటప్పుడు ‘ఈ ఫాంటు కూడా ఫైల్లో పెట్టమంటారా’ అని ఒక్కసారి అడగాలి. ఫైలు కొంచెం బరువెక్కుతుంది. పెళ్ళి ఫొటోలు, వీడియోలు వాట్సాప్‌లో తిరిగే రోజుల్లో అదో బరువు కాదు.

దీనికి పక్కనే ఇంకో చిక్కు. రైటర్‌లో ఇంగ్లీషుకు ఒక ఫాంటూ సైజూ, తెలుగు లాంటి లిపులకు ‘కాంప్లెక్స్’ పేరుతో వేరే ఫాంటూ సైజూ ఉంటాయి. వర్డ్ ఫైల్లోనూ లోపల ఇదే పద్ధతి. రెండింటికీ వేర్వేరు సైజులు పెట్టుకోగలగడం మనకు మేలే, ఎందుకంటే 12 పాయింట్ల ఇంగ్లీషు పక్కన ఏ సైజు తెలుగు సరిపోతుందో ఫాంటును బట్టి మారుతుంది. కానీ టైపు చేసే కుర్రాడికి స్టైల్ మార్చే చోట మొదట కనబడేది ఇంగ్లీషు సైజు. దాన్ని మారుస్తాడు, తెలుగు కదలదు. చిరాకేసి తెలుగంతా సెలెక్ట్ చేసి చేత్తో సైజు పెడతాడు. ఆ ఫైలు నాలుగు చోట్ల తిరిగొచ్చేసరికి పేరాకో సైజు. డాక్యుమెంట్‌లో ఉన్నదంతా తెలుగే అయినప్పుడు తెలుగు సైజును ముందుకు తెచ్చి చూపించడం పెద్ద ఇంజనీరింగ్ కాదు.

భాష గుర్తు సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. రైటర్ సేవ్ చేసే ఓడీటీ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు, విప్పి చూడొచ్చు. లోపల స్టైల్స్ ఫైలు తెరిస్తే, ఏ అక్షరాలు ఏ భాషవో రాసి ఉంటుంది. భాషల సెట్టింగు ముట్టుకోని మామూలు ఇన్‌స్టాలేషన్‌లో తయారైన ఫైళ్ళలో కాంప్లెక్స్ భాష దగ్గర చాలావాటిలో హిందీ అని ఉంటుంది. విండోస్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని టైపు చేస్తే ఆ మేరకు తెలుగని గుర్తుపడుతుంది. వాట్సాప్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే మాత్రం తెలుగు వాక్యానికి హిందీ ముద్ర పడే అవకాశం ఎక్కువ. ఇక దానికి తెలుగు నిఘంటువు ఎలా పనిచేస్తుంది? తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో సొంత అర ఉంది, 0C00 నుంచి 0C7F దాకా. ఆ అరలోని అక్షరాలతో సంస్కృత శ్లోకం రాయొచ్చు, నిజమే. హిందీ మాత్రం ఎవరూ రాయరు. అక్షరాన్ని చూసే ‘ఇది తెలుగు’ అని ఫైల్లో రాసుకునే తెలివి ఈ విడుదలలోనైనా రావాలి.

ఇప్పుడు అంకెల దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. అక్షరం చెదిరితే కంటికి కనిపిస్తుంది, అంకె మారితే కనిపించదు.

పొలాల జాబితా టైపు చేస్తున్నారనుకోండి. సర్వే నంబరు గడిలో 5/2 కొట్టి ఎంటర్ నొక్కితే అది ఫిబ్రవరి 5 అవుతుంది. 112/3 అయితే తేదీ కాలేదు కాబట్టి అలాగే ఉంటుంది. అంటే ఒకే వరుసలో సగం సర్వే నంబర్లు, సగం తేదీలు. పెద్ద జాబితాలో ఇది వెంటనే పట్టుకోవడం కష్టం. ఒకసారి ఒక పెద్దాయన తన కాగితం నా ముందు పెట్టి, “ఏందబ్బయ్యా, నా పొలం నంబరు యాడికి పోయింది, తారీఖు ఉండాది ఈడ?” అన్నాడు. ఆ జాబితా వేరేచోట తయారై, ఇంకెక్కడో సేవ్ అయి, నా దగ్గరికి ప్రింటుకు వచ్చింది. ఎక్కడ మారిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. లోపల దాచుకున్నది ఇప్పుడు తేదీ సంఖ్య, ఫార్మాట్ మార్చి టెక్స్ట్ చేస్తే ఏదో అయిదంకెల నంబరు వస్తుంది తప్ప 5/2 తిరిగి రాదు.

ఇది మన పల్లెటూరి సమస్య అనుకునేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మనుషుల జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చింది. మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని, పరిశోధన పట్టికలు పాడవుతున్నాయని. సాఫ్ట్‌వేర్ మారేదాకా ఆగలేక శాస్త్రవేత్తలు పేర్లు మార్చుకున్నారు. ఆ తర్వాత 2023లో మైక్రోసాఫ్ట్ ఇలాంటి మార్పుల్లో కొన్నిటిని ఆపుకునే సెట్టింగు ఇచ్చింది. మనం సర్వే నంబర్లు మార్చుకోలేం.

ఆధార్ నంబరు 12 అంకెలు. ఎక్సెల్‌లో మామూలు గడిలో కొడితే 1.23457E+11 అని కనిపిస్తుంది, గడి వెడల్పు ఎంత లాగినా అంతే. అక్కడ కనీసం లోపల నంబరు భద్రంగా ఉంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరు అయితే ఆఖరి అంకె సున్నా అయిపోతుంది, ఇక తిరిగి రాదు. ముందు సున్నా ఉన్న ఖాతా నంబరైతే ఆ సున్నా పోతుంది. రైతు ఖాతాలో పడాల్సిన డబ్బు పడకపోతే ఆ మనిషి బ్యాంకు చుట్టూ, ఆఫీసు చుట్టూ తిరుగుతాడు. తప్పు పేరులోనో వేలిముద్రలోనో ఉందనుకుంటాడు.

ముందు ఒక అపాస్ట్రఫీ కొట్టండి, లేదా వరుస మొత్తాన్ని టెక్స్ట్ చేయండి అంటారు తెలిసినవాళ్ళు. అది తెలిసిన చెయ్యికి సరిపోతుంది. లిబ్రెఆఫీస్‌లో ఎక్సెల్ లాంటిదైన క్యాల్క్‌లో ఒక మంచి సంగతి కూడా ఉంది. సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టిక) తెరిచేటప్పుడు ఏ నిలువు వరుస ఏమిటో ముందే అడుగుతుంది, టెక్స్ట్ అని చెబితే ముట్టుకోదు. ఏ రకంగా రాస్తే తేదీగా తీసుకోవాలో ఆప్షన్స్‌లో భాషల దగ్గర మార్చుకోవచ్చు కూడా. 5/2 తేదీ కాకూడదంటే ఆ నమూనా తీసేస్తే సరి. నా కంప్యూటర్లో తీసేశాను. అయితే ఆ సెట్టింగు నా కంప్యూటర్‌ది, ఫైలుది కాదు. అదే ఫైలు ఇంకో షాపులో తెరిచి ఇంకో పది పేర్లు చేరిస్తే మళ్ళీ తేదీలే.

క్యాల్క్ ఈ పని చేయగలదన్న నమ్మకం నాకు ఎందుకుందంటే, లక్షల కామాల విషయంలో ఇప్పటికే చేసి చూపించింది. 12,45,000 అని మన లెక్కలో కామాలు పడాలంటే ఎక్సెల్‌లో మామూలుగా విండోస్ రీజియన్ సెట్టింగు మీద ఆధారపడాలి. ఆ సెట్టింగు అమెరికాకు ఉన్న కంప్యూటర్లో అదే ఫైలు 1,245,000 చూపిస్తుంది. క్యాల్క్‌లో ఫార్మాట్‌ని మన కామాలతో పెడితే అది గడితోనే ఉంటుంది, గడి ఫైలుతో పోతుంది, ఏ కంప్యూటర్లో క్యాల్క్‌తో తెరిచినా లక్షలు లక్షల్లాగే కనిపిస్తాయి. తేదీల నియమం కూడా అలాగే ఫైల్లో కూర్చోవాలి. ‘ఈ షీటులో నేను కొట్టింది కొట్టినట్టు ఉంచు’ అని ఒక్క మాట ఫైలుకు చెప్పగలిగితే చాలు. నెల్లూరు లెక్కల షీట్లు చూసినవాళ్ళకు దీని విలువ తెలుస్తుంది. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. సెంటు 435.6 చదరపు అడుగులు కాబట్టి 6.05 అంకణాలు. వేరేచోట్ల 36 చదరపు అడుగుల అంకణం కూడా వాడుకలో ఉంది. కొలత ఏదో షీటులోనే ఒక గడిలో రాసిపెట్టి సూత్రాలన్నీ దానికి కడితే ఫైలు ఎక్కడికి పోయినా లెక్క తప్పదు. మంచి లేఖరులు అలాగే చేస్తారు.

రైటర్‌లో ఫీల్డులు కూడా ఇలాంటివే. కందుకూరు 2022 ఏప్రిల్ 4న ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చినప్పుడు ఆ వైపు వాళ్ళ అర్జీలు, ఒప్పందాలు, రసీదుల నమూనాల్లో జిల్లా పేరు మార్చాల్సి వచ్చింది. జిల్లా పేరును ఫీల్డుగా పెట్టుకున్న నమూనాలో ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారింది. ఫైలు తన సంగతి తానే మోసుకుపోతే పని ఎంత తేలికో అప్పుడు చూశాం.

స్పెల్లింగు గురించి క్లుప్తంగా. లిబ్రెఆఫీస్‌తో తెలుగు నిఘంటువు వస్తుంది. పని చేస్తుంది, కానీ ‘హద్దులున్నవి’, ‘రాసిచ్చినందున’ లాంటి మామూలు మాటల కింద కూడా ఎర్రగీత పడితే, పేజీ అంతా ఎర్రబడి అసలు తప్పు అందులో కలిసిపోతుంది. దాంతో అందరూ దాన్ని ఆపేస్తారు. వెనక ఉన్న హన్‌స్పెల్ ఇంజను హంగేరియన్ భాష కోసం లాస్లో నేమెత్ తయారుచేసింది. అదీ మన భాష లాగే మాట చివర ప్రత్యయాల మీద ప్రత్యయాలు తగిలించే భాష. అంటే ఇంజనుకు చేతకాక కాదు, మన సంధులకూ విభక్తులకూ నియమాలు ఇంకా ఎక్కించాలి. ఇది ఒక్క ఆగస్టులో అయ్యే పని కాదని తెలుసు. మొదలైతే చాలు, ముందు విభక్తులతో.

పీడీఎఫ్ కూడా అంతే. తెలుగు పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేస్తే చాలాసార్లు వొత్తులు చెల్లాచెదురై వస్తాయి. కంటికి కనిపించే పేరును సెర్చ్‌లో కొడితే దొరకదు. పాత దస్తావేజుల్లో పేరు వెతకాల్సినవాళ్ళకు ఇది ఫాంటు అందం కంటే పెద్ద సంగతి.

నాతో వాదించేవాళ్ళు రెండు రకాలు. ఒకరు, “నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించడం, అప్‌డేట్ వద్దు” అంటారు. వాళ్ళ భయం అర్థమవుతుంది, పని మధ్యలో మెనూ మారితే కస్టమర్ ముందు ఇబ్బంది. కానీ ఆగడం మన చేతుల్లో లేదు. ఆఫీస్ 2016, 2019లకూ, విండోస్ 10కీ మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. లిబ్రెఆఫీస్ కూడా 25.8తో విండోస్ 7, 8లను వదిలేసింది. మన ఊళ్ళలో ఆ పాత కంప్యూటర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, వాటిలో పాత వెర్షన్లు ఉంటాయి. కొత్తదీ పాతదీ పక్కపక్కనే చాలా ఏళ్ళు నడుస్తాయి. అందుకే సెట్టింగు ఫైల్లో ఉండాలంటున్నాను. రెండోరకం వాళ్ళు, “ఇంకెందుకు ఇవన్నీ, ఏఐ వచ్చి దస్తావేజు అదే రాసేస్తుంది” అంటారు. రాయనివ్వండి. అది రాసింది కూడా ఈ ఫైల్లోనే కూర్చోవాలి, ఈ స్టాంపు పేపరు మీదే పడాలి, అందులో సర్వే నంబరు సర్వే నంబరుగానే ఉండాలి.

ఇంత ఉచితంగా దొరికే దాన్ని ఇన్ని అడగొచ్చా అన్న మొహమాటం నాకు లేదు. స్టార్‌ఆఫీస్‌గా జర్మనీలో పుట్టి, 1999లో సన్ అనే కంపెనీ చేతికి వెళ్ళి, ఓపెన్‌ఆఫీస్‌గా సోర్సు బయటపడి, సన్ కాస్తా ఒరాకిల్ చేతికి పోయిన ఏడాదే, 2010 సెప్టెంబరులో, దాన్ని నమ్ముకున్నవాళ్ళు విడిపోయి లిబ్రెఆఫీస్ పెట్టుకున్నారు. అడగడం, చూపించడం, సరిచేయడం మీదే అది బతుకుతోంది. అడిగేవాళ్ళలో తెలుగు టైపు చేసేవాళ్ళు తక్కువ, అంతే.

విడుదలకు ముందు బీటా వస్తుంది. అది వేరే పేరుతో విడిగా ఇన్‌స్టాల్ అవుతుంది, రోజూ వాడేదాన్ని చెరపదు. ఈసారి దాని ముందు పెట్టడానికి ఒక నమూనా దస్తావేజు, ఒక అర్జీ, ఒక పొలాల షీటు తయారు చేస్తున్నాను. కావలి, కందుకూరు, ఆత్మకూరు, ఒంగోలు వైపు టైపింగు చేసేవాళ్ళ దగ్గర చెదిరిన ఫైళ్ళు తప్పకుండా ఉంటాయి. వాటిని లిబ్రెఆఫీస్ తప్పులు నమోదు చేసే సైటు బగ్జిల్లాలో పెట్టండి. అక్కడ పెట్టిన ఫైలు ఎవరైనా చూడొచ్చు కాబట్టి పేర్లు, ఆధార్, సర్వే నంబర్లు, డోర్ నంబర్లు అన్నీ మార్చేయండి, అయితే అంకెల లెక్క, అక్షరాల పొడవు దాదాపు అలాగే ఉంచండి, లేకపోతే తప్పు మాయమైపోతుంది. ఏ ఫాంటు, ఏ వెర్షన్‌లో టైపు చేశారు, ఎక్కడ తెరిస్తే చెదిరింది, ఈ మూడూ రాయండి. ఇంగ్లీషు సరిగ్గా రాదని ఆగిపోవద్దు, సరిగ్గా ఉన్న పేజీదీ చెదిరిన పేజీదీ రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెడితే తెలుగు చదవలేని ప్రోగ్రామరుకైనా తేడా తెలుస్తుంది.